చెరువు బాగైంది, నీరటి ఏడీ?

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవాలయం దగ్గర ఒక శాసనం ఉంది. 1369 నాటిది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు కట్టించి వేయించాడు. మామూలుగా ఇలాంటి శాసనాల్లో దాత వంశం, దానం వివరం, దాన్ని చెరిపినవాడికి చుట్టుకునే పాపం ఉంటాయి. ఇందులో చెరువు ఎలా కట్టాలో కూడా చెప్పారు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు. నేల గట్టిగా ఉండాలి. మంచినీటి ఏరు వచ్చి చేరాలి. కొండల నడుమ కట్ట పడాలి, అది మరీ పొడుగు కాకుండా దిట్టంగా ఉండాలి. లోపలి భాగం వెడల్పుగా, లోతుగా ఉండాలి. నిడుపాటి రాళ్లు దొరికే గని దగ్గర్లో ఉండాలి. కింద చదునైన, పండే పొలాలుండాలి. జలశాస్త్రం తెలిసినవాడూ, పనితనం ఉన్న కూలీల జట్టూ ఉండాలి. ఇక దోషాలు: కట్ట ఊరడం, చవిటినేల, చెరువు మధ్యలో మిట్ట, నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై పొలం తక్కువ కావడం, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. కృష్ణా జలాల పంచాయితీ చూస్తున్న మనకు ఈ చివరిదాన్ని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. ఆ లెక్క కూడా శాసనంలోనే ఉంది. చెరువు ఇప్పటికీ ఉంది. 2020లో ఐసీఐడీ అనే అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. కంభం చెరువుకూ, కేసీ కాలువకూ అదే ఏడాది ఆ గుర్తింపు దక్కింది. తెలంగాణ నుంచి కామారెడ్డి పెద్దచెరువు, సదర్‌మాట్ ఆనకట్ట 2018లోనే ఆ జాబితాకు ఎక్కాయి.

అయితే ఆ పన్నెండు అంగాల్లో ఒక విషయం లేదు. చెరువు నిండాక తూము ఎవరు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, ఎవరి మడికి ముందు పారాలి, కరువొస్తే ఎవరి వంతు కోయాలి అన్న సంగతి అందులో కనపడదు. కట్టే విద్య రాతికెక్కింది. నడిపే విద్య ఊళ్లో మనుషుల దగ్గరే, ముఖ్యంగా తూము ఎత్తి నీళ్లు పంచే నీరటి దగ్గరే ఉండిపోయింది. సంప్రదాయ జ్ఞానం పర్యావరణాన్ని కాపాడుతుందని ఇవాళ సదస్సుల్లో చెప్పుకుంటున్నాం. ఆ మాట నిజమే కానీ, ఎక్కువగా మొదటి విద్యను చూసి మురిసిపోతున్నాం. రెండోది మన కళ్లముందే పోయింది. ఎవరికో గుర్తులేక పోలేదు, ఎవరూ జీతమివ్వక పోయింది.

ముందు ఈ చెరువులు ఇక్కడే ఎందుకు ఇన్ని వెలిశాయో చూడాలి. ఇక్కడ దక్కన్ పీఠభూమి కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు. ఇసుక పొరల్లో ఇంకినట్టు వాన నీరు ఈ రాతిలోకి ఇంకదు, పగుళ్లలోకి మాత్రమే దిగుతుంది. వాన ఏడాదంతా పడదు. నాలుగు నెలల్లో, అందులోనూ లెక్కపెట్టదగ్గ కొన్ని రోజుల్లో కుమ్మరించి పోతుంది. అనంతపురం లాంటి చోట ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. పెద్ద నదులు లోయల్లో పారతాయి, పొలాలు మిట్టల మీద ఉంటాయి. కాబట్టి పడ్డ నీటిని పడ్డచోటే అడ్డుకోవడం తప్ప దారి లేదు. వాగు దిగే వాలు వెంట ఒకదాని కింద ఒకటి కట్టలు వేశారు. పై చెరువు అలుగు దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి, అది నిండితే దాని కిందిదానికి. ఇవే గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్దవి కట్టారు. ఊరూరా కుంటలూ చిన్న చెరువులూ వాటికి ముందూ ఉన్నాయి, తర్వాతా వచ్చాయి.

ఈ గొలుసు చేసే పని పొలం తడపడం ఒక్కటే కాదు. జోరు వానను మెట్టు మెట్టునా ఆపి వరద ఉద్ధృతి తగ్గిస్తుంది. నిలిచిన నీరు రాతి పగుళ్లలోకి దిగి బావులను ఊరిస్తుంది. పై నేల నుంచి కొట్టుకొచ్చిన సారం అడుగున ఒండ్రుగా పేరుకుంటుంది. ఎండాకాలంలో రైతు దాన్నే బండ్లమీద తోలుకుపోయి మళ్లీ చేనుకు వేస్తాడు. ఎర్ర చెల్కలో తడి నిలవదు. చెరువు మట్టిలోని బంకకు తడిని పట్టి ఉంచే గుణం ఉంది, అది వేసిన చేను వాన వెనకపట్టినా కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. కొట్టుకుపోయిన మట్టి తిరిగి చేనుకే చేరుతుంది, చెరువు లోతూ నిలుస్తుంది. ఎరువుల బస్తా కొననక్కర్లేని కాలంలో పూడికతీత శ్రమదానం కాదు, రైతు సొంత అవసరం.

కానీ గొలుసు అంటే ఒక కొస తెగితే మిగతాదీ తెగేదని కూడా అర్థం. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచినప్పుడు ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగిపోయాయని ఆ తర్వాత వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తేల్చారు. పై కట్ట తెగిన నీళ్లు కింది కట్టను కొట్టాయి. 2020 అక్టోబరులో అదే నగరం చుట్టూ పల్లెచెరువు, అప్పచెరువు, గుర్రంచెరువు తెగినప్పుడు కూడా ఇదే తీరు. చెరువులు వరదను ఆపుతాయన్నది నిజం, నిర్వహణ లేని చెరువులు వరదను పెంచుతాయన్నది అంతే నిజం. పాత కట్టడం కాబట్టి మంచిదే చేస్తుందనుకుంటే, తెగిన కట్ట కింద ఇళ్లున్నవాళ్లు ఒప్పుకోరు.

ఆ నిర్వహణ చేసినవాడు తెలంగాణలో నీరటి. రాయలసీమలో నీరుగంటి, నీరుగట్టువాడు అంటారు. అతని పని దగ్గర్నుంచి చూస్తే ఎంత సూక్ష్మమైందో తెలుస్తుంది. పాత తూము అంటే కట్ట లోపలివైపు నీళ్లలో నిలబెట్టిన రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య దిగే పొడుగాటి కర్ర, కర్ర చివర రంధ్రాన్ని మూసే మూత. చెరువు నిండుగా ఉన్నప్పుడు ఈదుకుంటూ పోయి ఎత్తాలి. మూతకింద చెత్త ఇరుక్కుంటే మునిగి తీయాలి. చెరువు నిండా ఉన్నప్పుడు నీటి ఒత్తిడి ఎక్కువ, కాబట్టి రంధ్రం కొంచెం తెరిచినా సరిపోతుంది. నీళ్లు దిగేకొద్దీ అదే పారకానికి ఇంకొంచెం తెరవాలి. దీనికి మీటరేదీ లేదు, కాలువలో నీళ్లు ఎక్కడిదాకా తగులుతున్నాయో చూసి సరిచేయాలి. చివరి మడి తడిసేసరికి ఎంతసేపు పడుతుందో, ఏ కాలువ గట్టు ఎక్కడ ఎండ్రకాయల బొరియలతో కారుతుందో, ఎవరు రాత్రిపూట పక్కోడి వంతు మళ్లించుకుంటారో తెలిసి ఉండాలి. వాన జోరందుకున్న రాత్రి కట్టమీద అతనే ఉండాలి. వెలుపలివైపు ఊరే నీరు తేటగా ఉంటే ఫరవాలేదు, మట్టిరంగుకు తిరిగితే కట్ట లోపల కొట్టుకుపోతోందని గుర్తు. అప్పుడు ఊరిని లేపాలి.

నిజంగా చిక్కుముడి పడేది నీళ్లు చాలనప్పుడు. వానకాలం పంటకు ఎలాగో సరిపోతుంది, యాసంగికి సగం చెరువే మిగులుతుంది. అప్పుడు నిలవ చూసి, ఎంత నేల పారుతుందో ముందే తేల్చి, ఆ మేరకే నాట్లు వేయించే పద్ధతిని తెలంగాణలో తైబందీ అనేవారు. మొత్తం ఆయకట్టు ఎండిపోయేకంటే ఒక ముక్క పండటం మేలని అందరూ ఒప్పుకుంటేనే ఇది నడుస్తుంది. ఏ చోట భూమి ఉన్నవాడికైనా ఆ పారే ముక్కలో వాటా దొరికిన ఊళ్లో పోట్లాటలు తక్కువ. తూము దగ్గరి భూములవాళ్లే మొత్తం కొట్టేసిన ఊళ్లో ఎక్కువ. ఇప్పుడు కంప్యూటరు మోడళ్లతో చేసే నీటి బడ్జెటు కూడా ఇదే పని. అయితే అప్పుడు లెక్క వేసినవాడికి దాన్ని అమలు చేసే తూము కూడా చేతిలో ఉండేది.

ఇదంతా ఎవరూ ఊరికే చేయలేదు. నీరటికి కల్లం దగ్గర మేర ఉండేది, కుప్ప నూర్చినప్పుడు ప్రతి రైతూ అతని పాలు కొలిచి పోసేవాడు. చెరువు కింద ఇనాం భూమి కూడా చాలాచోట్ల ఉండేది. ఈ ఏర్పాటులో ఉన్న కిటుకు గమనించండి. చివరి మడి ఎండితే ఆ రైతు మేర పోతుంది, కాబట్టి చివరిదాకా నీళ్లు అందించడం నీరటి లాభమే. చెరువు తవ్వించినవాడికీ, తెగితే బాగుచేయించినవాడికీ కడప, చిత్తూరు వైపు దశబంధం ఇనాం ఇచ్చేవారు. చెరువు పారినంతకాలమే అతనికి ఫలం. మరమ్మతులకు ఊరంతా శ్రమ పెట్టే ఆచారం ఉండేది, అదే కుడిమరామత్తు. పర్యావరణ అర్థశాస్త్రంలో ప్రోత్సాహకాలంటూ ఇప్పుడు పెద్ద పెద్ద పేర్లతో చెప్పేది ఈ మూడింట్లో ఉంది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పకపోతే అది అబద్ధపు వ్యాసం అవుతుంది. నీరటి పని ఎక్కువ ఊళ్లలో దళిత కుటుంబాల మీద పుట్టుకతో పడ్డ చాకిరీ. ప్రాణాలకు తెగించి తూములో మునిగేవాడికి అదే చెరువు కింద సొంత మడి ఉండేది తక్కువ. నిజాం కాలంలో ఇది వెట్టితో కలిసిపోయింది. శ్రమ పెట్టే ఆచారం కూడా అంత స్వచ్ఛందమేమీ కాదు. ఎవరి శ్రమ, ఎవరి పొలానికి అనేది ఊరి పెద్దలే తేల్చేవారు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం కట్ట తెగబోతే ముసలమ్మ అనే కోడలు తనను తాను బలిచ్చుకుని ఆపిందని కథ ఉంది, ఆ కట్టమీద ఆమెకు పూజలూ ఉన్నాయి. ఇలాంటి కథ చాలా చెరువులకు ఉంది. దాన్ని భక్తితో చెప్పుకోవచ్చు, తప్పులేదు. కానీ చెరువును కాపాడే బరువు ఎవరి నెత్తిన పడేదో కూడా అందులోనే ఉంది. పాత వ్యవస్థను యథాతథంగా తెద్దామనేవాళ్లు తాము నీరటి ఇంట్లో పుట్టి ఉంటే ఏమనేవారో ఆలోచించాలి.

ఆ వ్యవస్థ ఒక్కరోజులో కూలలేదు. శ్రమ పెట్టే ఆచారం సడలుతోందని గమనించిన మద్రాసు ప్రభుత్వం 1858లో దాన్ని చట్టంతో బలవంతం చేయబోయింది. ఆచారంగా సాగని పని చట్టంతోనూ పెద్దగా సాగలేదు. శిస్తు వసూలు మీద ఉన్న శ్రద్ధ చెరువు మీద లేకపోవడం అసలు జబ్బు. స్వాతంత్ర్యం వచ్చాక 1955లో హైదరాబాద్ రాష్ట్రం, 1956లో ఆంధ్ర రాష్ట్రం ఇనాముల రద్దు చట్టాలు చేశాయి. భూసంస్కరణగా అది న్యాయమే. కాకపోతే ఇనాందార్ల పెత్తనంతో పాటు, చెరువు పనికి కట్టిన భూమి కూడా ఆ పని నుంచి విడిపోయింది. 1980ల మధ్యలో పటేల్, పట్వారీ, కరణం, మునసబు పదవులు పోయాయి. దొరతనం పోయిందని జనం సంతోషించారు, సంతోషించాల్సిందే. నీరటి, కావలికారు లాంటి గ్రామసేవకులు తర్వాత్తర్వాత వీఆర్ఏలు, అంటే గ్రామ రెవెన్యూ సహాయకులు అయ్యారు, తహసీల్దారు ఆఫీసు పనులకు తిరిగారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇరవై వేలకు పైగా వీఆర్ఏలను క్రమబద్ధీకరించి చదువును బట్టి వేర్వేరు శాఖల్లో సర్దింది. వాటిలో నీటిపారుదల శాఖ ఒకటి. అంటే కొందరు నీరటి వారసులు చుట్టూ తిరిగి మళ్లీ నీళ్ల దగ్గరికే వచ్చారు, ఈసారి నెలజీతంతో. ఇది చిన్న విషయమేమీ కాదు.

ఈలోగా బోరు వచ్చింది. తన చేలో తన మోటారు, తన స్విచ్చు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు. తూము దగ్గర వంతు కోసం ఎదురుచూసే రైతు, చెరువు కమిటీ మీటింగుకు పోయే రైతు తగ్గిపోయారు. చెరువు ఉమ్మడిది, బోరు సొంతం. నీరు మాత్రం రెండింటిదీ ఒకటే. చెరువు ఎండిన మూడో ఏటికి బోరు కూడా గుటకలు మింగడం మొదలుపెడుతుంది. ఆ సంబంధం రైతుకు బాగా తెలుసు, కానీ బోరు నీళ్లకు చెరువుకు ఎవరూ మేర కొలవరు.

తెలంగాణ వచ్చాక 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ 46,531 చెరువులను విడతలవారీగా బాగుచేస్తామంది. మెచ్చుకోదగ్గ పని పూడిక మట్టిని రైతులే తోలుకుపోయేలా చేయడం. తవ్వకం ఖర్చు ప్రభుత్వానిది, ట్రాక్టరు కిరాయి రైతుది. పాత ఒండ్రు ఆచారమే జేసీబీ ఎక్కి వచ్చింది. చాలా ఊళ్లలో భూగర్భ జలం పెరిగింది, చేపలు వచ్చాయి. లోటు ఎక్కడంటే, పని టెండరు రూపంలో వచ్చి బిల్లు రూపంలో పోయింది. ఎక్కడ తవ్వాలో, ఎక్కడ ఆపాలో పెద్దవాళ్లను అడిగిన చోట బాగా జరిగింది. నల్లమట్టి పొర దాటి మొరం తేలేదాకా తవ్వితే చెరువు అడుగు కారుతుంది. తూము మట్టం కంటే లోతుగా గుంతలు పడితే ఆ నీరు ఆయకట్టుకు ఎక్కదు. బావులకూ పశువులకూ చేపలకూ పనికొస్తుంది, పొలానికి కాదు. అది తప్పని కాదు, ఎవరికోసం తవ్వుతున్నామో ముందే తేల్చుకోవాల్సిన సంగతి. ఇలాంటివి అంచనా పత్రంలో క్యూబిక్ మీటర్లుగా తప్ప కనపడవు.

ఇంకా సున్నితమైనది అలుగు, తెలంగాణలో మత్తడి. చెరువు ఎంతవరకు నిండాలో తేల్చేది అదే. జానెడు ఎత్తు పెరిగితే పైన శిఖం భూమిలో, అంటే నీళ్లు దిగాక బయటపడే చెరువు నేలలో, వేసిన పంట మునుగుతుంది. జానెడు తగ్గితే కింద ఆయకట్టులో కొన్ని ఎకరాలు ఎండుతాయి. అందుకే రాత్రికి రాత్రి అలుగుకు గండి కొట్టేవాళ్లూ ఉంటారు, దానిమీద మట్టి బస్తాలు పేర్చేవాళ్లూ ఉంటారు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు. నగరం పక్కన ఈ శిఖం భూమే ప్లాట్లుగా మారి, అక్కడ కొన్న మధ్యతరగతి మనిషి మూడో వర్గమై చేరాడు. హైదరాబాదులో 2024లో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ బుల్డోజర్లు తిరిగినప్పుడు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు, అన్న మాట ఇంటింటి మాట అయింది. ఆ గీతను ఊరు గుర్తుపెట్టుకున్నంతకాలం సర్వే రాయి అక్కర్లేకపోయింది.

వారసత్వం అనగానే మనం పండగ వైపు చూస్తాం. బతుకమ్మ పూలు చెరువును శుద్ధి చేస్తాయని ఏటా చదువుతుంటాం. నాకు ఆ వాదన మీద పెద్ద నమ్మకం లేదు, ఆ పండగకు ఆ సాకు అవసరమూ లేదు. వానలు తగ్గుముఖం పట్టి చెరువు నిండుగా ఉన్న రోజుల్లో ఊరి ఆడవాళ్లంతా కట్టకు నడిచి రావడమే పెద్ద సంగతి. దారి మూసుకుపోతే తెలుస్తుంది, రేవులో మురుగు కలిస్తే తెలుస్తుంది, కట్ట కుంగితే తెలుస్తుంది. పూల సంగతి కూడా అంతే. తంగేడు బీళ్లలో పూస్తుంది, గునుగు చేనుగట్ల మీద. బీళ్లు ప్లాట్లై, గట్లమీద కలుపుమందు కొట్టాక పూలు మార్కెట్లో కొనాల్సి వస్తోంది. ఉమ్మడి నేల ఎంత మిగిలిందో ఏ శాఖ లెక్కకన్నా ముందు బతుకమ్మ ఎత్తు చెబుతుంది. కట్ట మైసమ్మ కూడా ఒకప్పుడు ఆ గట్టును తవ్వకుండా ఆపిన భయం. ఇప్పుడు కొన్నిచోట్ల గుడి పెరుగుతూ పెరుగుతూ చెరువులోకే దిగడం చూస్తున్నాం.

యునెస్కో దగ్గర కూడా ఈ రెండు రకాల వారసత్వానికీ రెండు జాబితాలు ఉన్నాయి. 2021లో రామప్ప గుడి ప్రపంచ వారసత్వ స్థలమైంది. గుడిని 1213లో కట్టించిన రేచర్ల రుద్రుడి కాలానిదే పక్కనున్న చెరువు, అది ఇప్పటికీ పొలాలు పారిస్తోంది. పర్యాటకుడు గుడి చూసి, చెరువులో బోటెక్కి వెళ్తాడు. రెండో జాబితా కట్టడాలకు కాదు, మనుషుల మధ్య నడిచే ఆచారాలకు. అందులో 2009లో స్పెయిన్ నుంచి వాలెన్సియా నీటి న్యాయస్థానం చేరింది. ప్రతి గురువారం మధ్యాహ్నం అక్కడి కెథడ్రల్ గుమ్మం ముందు రైతులు ఎన్నుకున్న పెద్దలు కూర్చుని నీటి తగాదాలు నోటిమాటతోనే విని తీర్పు చెబుతారు. ఆ తీర్పుకు స్పెయిన్ చట్టం విలువ ఇస్తుంది. వాళ్లు కాలువనే కాకుండా కాలువ మీద పెత్తనం చేసే సంస్థను కూడా నిలుపుకున్నారు. మనం అదే పని 1997లో చేయబోయాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీటి వినియోగదారుల సంఘాల చట్టం చేసినప్పుడు దేశమంతా ఇటు చూసింది. ఆంధ్రలో 2024 డిసెంబరులో ఆ సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. తెలంగాణలో ఆ ఎన్నికలు ఏళ్లుగా జరగలేదు.

ఆ చట్టంలోనూ ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవాడికే. చెరువు చుట్టూ ఉన్న అవసరాలు ఇప్పుడు అలా లేవు. ఆయకట్టు రైతుకు నీళ్లు వదలాలి. మత్స్య సహకార సంఘానికి చేప పెరిగేదాకా నీళ్లు ఆగాలి. కట్ట కింద బోర్లున్నవాళ్లకు చెరువు అలాగే నిండి ఉంటే చాలు, తూము ఎత్తకపోతే ఇంకా మంచిది. శిఖంలో దున్నుకునేవాళ్లకు నీళ్లు త్వరగా దిగిపోవాలి. మేర కొలిచే ఆయకట్టు రైతు తగ్గిపోయాడు, చెరువు వల్ల ఎక్కువ లాభం పొందుతున్న బోరు రైతు పైసా ఇవ్వడం లేదు. కట్ట కాపలాకు, తూము పనికి ప్రతి ఊరికీ జీతమున్న ఒక మనిషి కావాలంటే ఆ జీతంలో వంతు బోరు రైతూ, చేపల సంఘమూ మోయాలి. మోసినవాళ్లకు తూము ఎప్పుడు ఎత్తాలో చెప్పే హక్కు కూడా ఉండాలి. నీటిపారుదల శాఖలో చేరిన ఆ పాత వీఆర్ఏలలో చెరువు పని తెలిసినవాళ్లు ఇంకా సర్వీసులో ఉండగానే వాళ్ల పక్కన కుర్రాళ్లను పెట్టి నేర్పించవచ్చు. ఆ కుర్రాళ్లు ఏ కులంవాళ్లైనా కావచ్చు.